నడిమి జత, నలుగురు ప్రత్యర్థులు

పేకముక్కకు స్వతస్సిద్ధమైన విలువ యొకటి కలదనియు, ఆసు ఎల్లప్పుడును ఆసే యనియు, ఎనిమిది ఎల్లప్పుడును ఎనిమిదే యనియు మనము సామాన్యముగ తలచుచుందుము. రమ్మీలో ఈ తలపువలన వచ్చు నష్టము స్వల్పము. కాని పోకరునందు, అందునను నేడు కంప్యూటరు తెరలపై కొలది సెంట్ల పందెములతో రేయింబవళ్లు సాగుచున్న టెక్సాస్ హోల్డెమ్ అను ప్రభేదమునందు, చేతనున్న ఒకే రెండు ముక్కలు ఒక్క ప్రత్యర్థి యెదుట సబలములై, నలుగురి యెదుట దుర్బలములై, మరియొక కోణమునుండి పరిశీలించినచో ఆ నలుగురు ఉండుటచేతనే లాభదాయకములై పరిణమించుచుండును. ఈ వైచిత్ర్యము మిక్కిలి స్ఫుటముగ గోచరించునది నడిమి జతల విషయమున. అనగా రెండు ఆరులో, రెండు ఏడులో, రెండు ఎనిమిదులో, రెండు తొమ్మిదులో చేతికి వచ్చినప్పుడు. ఆసుల జతతో ధైర్యముగ ముందుకు పోవలెనని చెప్పుటకు శాస్త్ర మక్కరలేదు. కూడని రెండు చిల్లర ముక్కలను పడవేయవలెనని చెప్పుటకును అక్కరలేదు. ఈ రెంటి నడుమ నున్నవాని గతియే విచారణార్హము.

ఆట నెరుగనివారికై దాని స్వరూపమును సంగ్రహముగ చెప్పుదును. ప్రతి ఆటగానికిని రెండేసి ముక్కలు రహస్యముగ పంచబడును. తరువాత అందరికి ఉమ్మడిగ ఐదు ముక్కలు బల్లపై పరచబడును. మొదట మూడు ఒక్కపెట్టున వచ్చును, దానిని ఫ్లాపు అందురు. పిమ్మట నొకటి, అది టర్ను. కడపట నొకటి, అది రివరు. తన రెండును ఉమ్మడి ఐదును కలిసిన ఏడింటిలో ఏ ఐదింటి కూర్పు శ్రేష్ఠమో అదియే ఆటగాని బలము. ముక్కలు చేతికి వచ్చినప్పు డొకమారును, బల్లపై కొత్త ముక్కలు వచ్చిన ప్రతిసారియు నొకమారును, మొత్తము నాలుగు పర్యాయములు పందెము నడచును. ప్రతి పర్యాయమునను ఆటగాడు పందెము ఒడ్డవచ్చును, పరులు ఒడ్డినదానికి సరిపెట్టవచ్చును, పెంచవచ్చును, లేదా ముక్కలు పడవేసి తొలగిపోవచ్చును. మధ్యనున్న రాశి శూన్యముగ నుండకుండుటకై ఇద్దరు ఆటగాండ్రు వంతులవారీగ ముందే కట్టు చిన్న పందెములకు బ్లైండులని పేరు.

52 ముక్కలలో రెండింటిని ఎన్నుకొను విధములు 1326. ఒక్కొక్క అంకెకు ఇస్పేటు, ఆఠీను, డైమను, కళావరు అను నాలుగు రంగు లుండుటచే ఒక్కొక్క జత 6 విధముల నేర్పడును. పదమూడింటికిని కలిసి 78 విధములు. కావున పదునేడు పంపకములకు సగటున నొకమారు ఏదో యొక జత చేతికి వచ్చును. నడిమివని మనము పేర్కొనిన నాలుగింటి పాలు 24 మాత్రమే. రమారమి ఏబదియైదు పంపకములకు ఒకటి.

ఇచ్చట నొక హెచ్చరిక యవసరము. 1967లో సికిందరాబాదునందలి క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బు వ్యాజ్యమును పరిష్కరించుచు సుప్రీంకోర్టు, రమ్మీ ప్రధానముగ నైపుణ్యముపై నాధారపడిన ఆట యనియు, మూడు ముక్కలాటవలె కేవల యాదృచ్ఛికము కాదనియు నిర్ణయించెను. అయినను ధనమొడ్డి ఆన్‌లైనులో ఆడు ఆటలను తెలంగాణము 2017లోను, ఆంధ్రప్రదేశము 2020లోను నిషేధించినవి. నైపుణ్యమో యాదృచ్ఛికమో అను విచక్షణతో నిమిత్తము లేకుండ అట్టి ఆటలను నిషేధించు చట్టమును 2025 ఆగస్టులో పార్లమెంటు చేసినది. కావున మన ఉదాహరణములలోని బల్ల న్యూజెర్సీ వంటి చోట, లైసెన్సుతో నడచు బల్లయని పాఠకుడు భావించునుగాక. మనకు గణితమే ప్రయోజనము.

పందొమ్మిదివేల ఆరువందల ఫ్లాపులు

ఎనిమిదుల జత మన చేతనున్నదనుకొందము. మిగిలిన ముక్కలు 50. వానిలో మూడింటిని తీయు విధములు 19,600. ఈ పందొమ్మిదివేల ఆరువందల ఫ్లాపులను మూడు తరగతులుగ విభజింపవచ్చును.

మొదటి తరగతి, మూడవ ఎనిమిది కనబడునవి. దీనినే సెట్టు అందురు. రెండు ఎనిమిదులలో ఒక్కటియు లేని ఫ్లాపులు 17,296 కాగా, మిగిలిన 2,304 ఫ్లాపులలో మనకు సెట్టో అంతకు మించినదో లభించును. ఇది నూటికి 11.8 పాలు, అనగా ఒకమారు దొరకుటకు ఏడున్నర మారులు దొరకకపోవును.

రెండవ తరగతి, సెట్టు దొరకకున్నను, బల్లపై ఎనిమిదికి మించిన ముక్క లేనివి. రెండు మొదలు ఏడు వరకు గల 24 ముక్కలలోనుండియే మూడును రావలెను. అట్టివి 2,024 మాత్రమే, నూటికి పది చిల్లర. అప్పుడు మన జత బల్లపైనున్న ఏ ముక్కతో జత కుదిరినవానికన్నను అధికము. కాని ఈ ఆధిక్యము క్షణభంగురము: టర్నున రాగల 47 ముక్కలలో తొమ్మిది మొదలు ఆసు వరకు 24 పెద్ద ముక్కలున్నవి, కావున సగముకంటె నెక్కువ పర్యాయములు మరుసటి ముక్కయే మన శిరస్సుపై వచ్చి కూర్చుండును.

మూడవ తరగతి మిగిలిన 15,272. సెట్టు లేదు, ఎనిమిదిని మించిన ముక్క ఒకటియో రెండో మూడో బల్లపైనున్నవి. ఐదు ఫ్లాపులలో దాదాపు నాలుగు ఇట్టివే. జతను చూచి మురిసిన ఆటగాడు తన కాలములో నాలుగువంతులు గడుపు లోకమిది. ఆ జతను ఎట్లాడవలెనను ప్రశ్నకు ప్రత్యుత్తర మంతయు ఈ తరగతినుండియే రావలెను.

నడిమి జతలన్నియు సమానములు కావనియు ఇచ్చటనే గుర్తింపవలెను. సెట్టు దొరకు అవకాశము ఆరులకును తొమ్మిదులకును ఒకటే. కాని తమకు మించిన ముక్క లేని ఫ్లాపులు, సెట్టు దొరకినవానితోగూడ లెక్కించినను, ఆరులకు 816 కాగా తొమ్మిదులకు 4,060. దాదాపు ఐదు రెట్లు. అందుచే తొమ్మిదులు ఒక్కొక్కప్పుడు జతగనే గెలువగలవు. ఆరులు సెట్టుగ మారినగాని గెలుచుట దుర్లభము.

ఒకరు, ఇద్దరు, నలుగురు

ఏ ముక్కలైనను చేపట్టి చివరివరకు నిలుచు ఒక్క ప్రత్యర్థిపై ఎనిమిదుల జత నూటికి 69 పర్యాయములు గెలుచును. ఇద్దరైనచో ఈ అవకాశము సగమునకు దిగును. ముగ్గురైనచో మూడవ వంతుకు కొంచెము పైన నిలుచును. నలుగురైనచో ముప్పదికి లోబడును. ఐదుగురు ఆడుచోట సమానభాగ మనిన ఇరువది పాళ్లే గదా, ముప్పదికి సమీపమున నున్నది లాభమే గదా యని యెవరైన అడుగవచ్చును. లాభమే, కాని అది అయిదు ఉమ్మడి ముక్కలును ఉచితముగ చూపబడినచో లభించు లాభము. నడుమ మూడు పర్యాయములు పందెములుండగా, బల్లపై రాజును రాణియు నుండగా, ఎనిమిదులను పట్టుకొని చివరివరకు వెల చెల్లించుచు పోవుట సాధ్యము కాదు. కాగితముపై నున్న భాగమునకును చేతికి అందు భాగమునకును గల అంతరము ప్రత్యర్థుల సంఖ్యతో పెరుగును.

ఎట్లు పెరుగునో ఒక ఫ్లాపును తీసికొని చూతము. రాజు, ఐదు, రెండు వచ్చినవి. కనబడని 47 ముక్కలలో రాజులు మూడు. ఒక్క ప్రత్యర్థి చేతిలో రాజుండు సంభావ్యత నూటికి 12.5, ఇద్దరిలో ఎవరో ఒకరి చేతిలో నుండుటకు 23.9, ముగ్గురిలో 34.3, నలుగురిలో 43.6. ఇదియైనను వారు కన్నులు మూసికొని ముక్కలు చేపట్టినచో వచ్చు లెక్క. మనుష్యులు రాజులను చూచి చేపట్టుదురు, చిల్లర ముక్కలను పడవేయుదురు. కనుక వాస్తవము ఇంతకన్న ప్రతికూలము. ఫ్లాపునందు రాజును జాకీయు రెండును వచ్చినచో, వానిలో ఒకటి ఒక్క ప్రత్యర్థికి తగులు సంభావ్యత 24 పాళ్లు కాగా, నలుగురిలో ఎవరికైనను తగులుట దాదాపు 70 పాళ్లు.

కావున ఒక్క ప్రత్యర్థి యున్నప్పుడు రాజు రాగానే భయపడి ఎనిమిదులను పడవేయువాడు అధైర్యముచే ధనము కోల్పోవుచున్నాడు. నలుగురున్నప్పుడు అదే రాజును లక్ష్యపెట్టక పందెము ఒడ్డువాడు అతిధైర్యముచే కోల్పోవుచున్నాడు.

బ్లఫ్ అని వ్యవహరింపబడు బూటకపు పందెమునకును ఇదియే గతి. రాశిలో సగము పందెముగ ఒడ్డినచో, మూడింట నొకమారు అందరును తొలగిపోయినంతనే మనకు నష్టము లేదు. ప్రతి ప్రత్యర్థియు నూటికి అరువది పర్యాయములు తొలగువాడనుకొన్నను, ఒక్కడే యున్నప్పుడు మన బూటకము అరువది పర్యాయములు ఫలించును. నలుగురున్నప్పుడు నలుగురును ఏకకాలమున తొలగుట పదుమూడు పర్యాయములే. పైగా చిన్న పందెముల బల్లలయందు జనులు వినోదార్థము వచ్చినవారు. ముక్కలు చూపించుకొను కుతూహలము వారికి పది సెంట్లకంటె విలువైనది. అట్టిచోట నడిమి జతను ప్రగల్భముగ నడిపి అందరను పారద్రోలుదమను సంకల్పము గణితమునకును మానవస్వభావమునకును విరుద్ధము.

సరసమైన వెల

ఇంతవరకు చెప్పినదానిని బట్టి నలుగురున్నచోట నడిమి జతను తొలుతనే పడవేయుట మేలని తోచును. అట్లు కాదు. నలుగురు కలిసి జతను దుర్బలము చేసినట్లే, నలుగురు కలిసి దాని వెలను తగ్గించుచున్నారు.

బ్లైండులు 5, 10 సెంట్లు. ఒక్కొక్కని ముందు 10 డాలర్లు. ఒకడు 40 సెంట్లకు పెంచెను. అందరికన్న కడపట ఆడు స్థానమున మనమున్నాము. బ్లైండులవారు తొలగుదురని యనుకొందము. సెట్టు ఏడున్నరకు ఒకటి చొప్పున దొరకును గనుక, మనము పెట్టు 40 సెంట్లకు ప్రతిగ, సెట్టు దొరకినప్పుడు సగటున 3 డాలర్లు చేకూరినచో లాభనష్టములు సరిపోవును. పెంచినవా డొక్కడే యున్నచో రాశిలో నున్నది 55 సెంట్లు. తక్కిన 2 డాలర్ల 45 సెంట్లను ఆ ఒక్కని నుండియే రాబట్టవలెను. అతనికి మంచి ముక్కలు లేనిచో అది అసాధ్యము. అతని వెనుక మరి ముగ్గురు సరిపెట్టినచో రాశి అప్పటికే 1 డాలరు 75 సెంట్లు. కొరత 1 డాలరు 25 సెంట్లు. దానిని చెల్లించుటకు నలుగురిలో ఏ ఒక్కరికి రాజుల జత కుదిరినను చాలును. మెట్ట రైతు గింజ చల్లునప్పుడు ప్రతి గింజయు మొలచునని తలపడు. పండిన ఏట వచ్చు రాబడి ఎండిన ఏండ్ల విత్తనపు వెలను తీర్చగలదా యని మాత్రమే చూచును. ఇట్లు ఇంకను రాశిలో చేరని ధనమును గూడ లెక్కలోనికి తీసికొనుటను డేవిడ్ స్క్లాన్‌స్కీ 'ద థియరీ ఆఫ్ పోకర్' అను గ్రంథమున విపులముగ నిరూపించెను.

ఈ లెక్కకు మూడు ఉపాధులు కలవు. మొదటిది, ప్రత్యర్థుల ముందున్న ధనము. వారివద్ద రెండేసి డాలర్లు మాత్రమే యున్నచో సెట్టు దొరకినను వచ్చునది కొంచెము. మనము పెట్టు వెలకు కనీసము పదిహేను రెట్లయినను ఎదుట నుండవలెనని అనుభవజ్ఞులు చెప్పుదురు. రెండవది, మన వెనుక మరల పెంచువాడుండరాదు. 40 సెంట్లు చెల్లించి, ఫ్లాపు చూడకమునుపే పెద్ద పందెమునకు బెదరి తొలగవలసివచ్చినచో విత్తనము నాటకమునుపే పోయినట్లు. కడపటి స్థానమున కింత మన్నన యుండుట అందుచేతనే. మూడవది, బల్ల నడుపు సంస్థ రాశినుండి తీసికొను రుసుము. అది సామాన్యముగ నూటికి అయిదు చొప్పున నుండును. దాని గరిష్ఠపరిమితి పెద్ద రాశులకు ఉపకరించునుగాని చిన్న రాశులకు అందదు. కావున చిన్న పందెములవాడే నిష్పత్తిలో నెక్కువ చెల్లించుచున్నాడు.

సెట్టు దొరకిన పిమ్మట దానిని దాచిపెట్టి, మందమతివలె నటించి, ప్రత్యర్థులను ఊరింపవలెనను కోరిక సహజము. ఒక్కడే ప్రత్యర్థియైనచో అది కొంత సమంజసము, నలుగురున్నచో ప్రమాదకరము. బల్లపై ఒకే రంగు ముక్కలు రెండున్నవనుకొందము. చేతిలో ఆ రంగువే రెండున్నవానికి టర్నున ఐదు ముక్కలును ఒకే రంగువై కలియుటకు 47లో 9 ముక్కలు తోడ్పడును, అనగా 4.2కు ఒకటి. ఇప్పుడు రాశి 2 డాలర్ల 15 సెంట్లు. మనము సంకోచించి 50 సెంట్లు ఒడ్డినచో అతనికి 5.3కు ఒకటి చొప్పున వెల లభించుచున్నది. అతడు న్యాయముగనే సరిపెట్టును. ఒకటిన్నర డాలరు ఒడ్డినచో 2.4కు ఒకటియే లభించును. సరిపెట్టుట అతని తప్పగును. అయితే అతడు సరిపెట్టిన పిదప రెండవవానికి 3.4, ఆ పిదప మూడవవానికి 4.4 లభించును. మొదటివాడు చేసిన తప్పు మూడవవానికి న్యాయమైన వెల కల్పించినది! బహుజన పందెములో తప్పును చేసినవాడొకడు, దాని ఫలమును అనుభవించువాడు మరియొకడు. ఆ అనుభవించువాడు మనమే కావలెనను నియమము లేదు.

సెట్టుకు సెట్టే ఎదురగుటయు అరుదుగ కలదు. ఇద్దరి చేతులలో వేర్వేరు జతలుండగా ఇద్దరికిని ఒకే ఫ్లాపులో సెట్టు దొరకుట నూటికి ఒకమారు. నడిమి జతకు ఈ భయముచే ఆగవలసిన పని లేదు. రెండ్లకును మూళ్లకును ఉన్నంత భయము దానికి లేదు.

మరియొక సంగతి. 11.8 పాళ్లనగానే ఎనిమిదింట నొకమారు క్రమముగ వచ్చునని భ్రమపడరాదు. వరుసగ ఇరువది పర్యాయములు సెట్టు దొరకకపోవు సంభావ్యత నూటికి ఎనిమిది కలదు. పర్యాయములు పెరుగుకొలది సగటు స్థిరపడునని యాకోబ్ బెర్నూలీ నిరూపించిన సిద్ధాంతము 1713లో ప్రకటితమైనది. కాని అది దీర్ఘకాలమును గూర్చి చెప్పిన మాట, ఈ రాత్రిని గూర్చి కాదు.

ఇద్దరి శాస్త్రము, అనేకుల శాస్త్రము

జూదమునుండి సంభావ్యతాశాస్త్రము జనించిన కథ సుప్రసిద్ధము. 1654లో పాస్కల్, ఫెర్మాలు నడిపిన ఉత్తర ప్రత్యుత్తరములును, 1657లో హైగెన్స్ ప్రకటించిన గ్రంథమును దానికి పునాదులు. వారి పాచికలకు మనస్సు లేదు. ఎదుట నున్నది మనస్సు గల ప్రత్యర్థి యైనప్పుడు కర్తవ్యమేమని గణితరూపమున నిరూపించినవాడు జాన్ వాన్ న్యూమన్. ఒకని లాభమే రెండవవాని నష్టమగు ఇద్దరి యాటలో, ఎదుటివా డేమి చేసినను ఒక నియతమైన ఫలితమునకు తక్కువ రాకుండ కాపాడు వ్యూహము కలదని ఆయన 1928లో సిద్ధాంతీకరించెను. మోర్గెన్‌స్టెర్న్‌తో కలిసి 1944లో ప్రకటించిన మహాగ్రంథమున పోకరును, బూటకపు పందెమును విమర్శించెను. ఆ మార్గముననే 2015లో ఆల్బర్టా విశ్వవిద్యాలయమువారు పందెపు మొత్తములకు పరిమితి గల ఇద్దరి హోల్డెమ్‌ను దాదాపు పూర్తిగ పరిష్కరించిరి.

మూడవవాడు బల్లయొద్ద కూర్చుండగనే ఈ భవనము కదలును. 1950లో జాన్ నాష్, లాయిడ్ షాప్లీలు ముగ్గురాడు చిన్న పోకరు నమూనాను పరిశీలించిరి; అనేకుల యాటలోను సమతాస్థితి యుండునని నాష్ నిరూపించెను. కాని ఆ సమతాస్థితి వ్యూహమును మన మొక్కరము అక్షరశః పాటించినంతమాత్రమున నష్టము కలుగదను అభయము ఇద్దరి యాటకే పరిమితము. ముగ్గురైనచో ఆ అభయము లేదు. ప్రత్యర్థి చేసిన ప్రతి తప్పును మనకు లాభమేయని స్క్లాన్‌స్కీ చెప్పిన మూలసూత్రము గూడ ఇద్దరి నడుమ నిలుచును, అనేకుల నడుమ తప్పును. ఆండీ మోర్టన్ పేర వ్యవహారమున నున్న సిద్ధాంతము చెప్పునది ఇదియే. పైని మూడవవానికి లభించిన 4.4 దానికి దృష్టాంతము. 2019లో నోమ్ బ్రౌన్, తుయోమస్ సాండ్‌హోమ్‌లు నిర్మించిన ప్లూరిబస్ అను కంప్యూటరు ప్రోగ్రాము ఆరుగురి యాటలో ఉద్దండులైన వృత్తికారులను గెలిచినది. అయినను అది గెలిచి చూపినదేగాని, ఆరుగురి యాటకు పరిష్కారమును ఋజువు చేయలేదు.

శాస్త్రము అభయమీయలేనిచోట మిగులునది లెక్క. ఆ లెక్కలో నడిమి జత పట్టిన ఆటగాడు ఫ్లాపునకు ముందే మూడు ప్రశ్నలు వేసికొనవలెను. ఎందరున్నారు? చూచుటకు వెల యెంత? దొరకినప్పుడు చెల్లించుటకు వారివద్ద ఎంతయున్నది? ఫ్లాపు తరువాత ప్రశ్న ఒక్కటియే: సెట్టు వచ్చినదా? నలుగురున్నచోట రానిచో, బల్లపై పెద్ద ముక్కలు లేని ఆ పదింట నొక్క ఫ్లాపున ఒక మితమైన పందెము. ఎవడైనను గట్టిగ పెంచినచో తొలగుట. మిగిలినచోట్ల మారుమాట లేక పడవేయుట. ఒక్కడే యున్నచో ఈ నియమములు వర్తింపవు. అచ్చట రాజు, ఐదు, రెండు వచ్చినను మన ఎనిమిదులు తరచుగ ముందంజలోనే యుండును, పందెము ఒడ్డుటయే యుక్తము. అవే ముక్కలు, అదే ఫ్లాపు, ఒకచోట ఒడ్డుట, ఒకచోట విడుచుట, రెండును ఒప్పులే. తన చేతిని చూచి నిర్ణయించువానికి ఇది వైరుధ్యముగ తోచును. బల్లచుట్టు ఉన్నవారిని ముందుగ లెక్కించి, పిమ్మట చేతిని చూచువానికి వైరుధ్య మేమియు లేదు.